దాలయ్య రెండో చావు

మా శిక్షణ కేంద్రంలో చనిపోవడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు అంపైరు చూడాలి. చూసి, వేలు చూపించి, నువ్వు చచ్చావు అని చెప్పాలి. ఆ తరవాత చచ్చినవాడి జబ్బకు తెల్లగుడ్డ పేలిక కట్టి, అతని నంబరూ, చచ్చిన వేళా పుస్తకంలో రాసుకోవాలి. ఇవన్నీ జరిగితేనే చచ్చినట్టు. పద్ధతి లేకుండా ఎవరికి వారు చచ్చిపోతుంటే సైన్యం నడవదు కదా.

ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. అసలు యుద్ధం ఎక్కడో బర్మా అడవుల్లో జరుగుతోంది. అక్కడికి పంపవలసిన మనుషుల్ని తయారు చేయడానికి రాళ్ళగెడ్డ అనే కొండవాగు ఒడ్డున మా కేంద్రం పెట్టారు. నేను అందులో గుమాస్తాను. నెలకు రెండుసార్లు కుర్రాళ్ళను ఎర్రదళమనీ నీలిదళమనీ విడదీసి వాళ్ళ మధ్య ఉత్తుత్తి యుద్ధం పెట్టేవారు. తుపాకులు చాలక సగంమందికి కొయ్య తుపాకులు ఇచ్చేవారు. వాటిని పేల్చేటప్పుడు నోటితో చప్పుడు చేయకూడదు. అది సైన్యం గౌరవానికి తగదని మేజరు దొర అభిప్రాయం.

మొదట్లో చచ్చినవాళ్ళు లేచి వెళ్ళి నీడన కూర్చునేవారు. ఒక యుద్ధంలో అలా చచ్చిన కుర్రాడొకడు రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తూ, బతికి ఉన్నవాళ్ళు పరుగెడుతుంటే చూసి నవ్వుతున్నాడు. అది మేజరు కంటబడింది. ఆ సాయంత్రమే పద్నాలుగో నిబంధన పుట్టింది. దాన్ని టైపు చేసింది నేనే. "మృతుడు తాను మరణించిన చోటనే, మరణించిన భంగిమలోనే, యుద్ధసమాప్తి బాకా ఊదబడువరకు ఉండవలెను. మృతుడు మాటలాడరాదు, ధూమపానము చేయరాదు, నవ్వరాదు."

చావడంలో మా కేంద్రం మొత్తానికి మంచి పేరు తెచ్చుకున్నవాడు యాళ్ల దాలయ్య.

దాలయ్యకు ఇరవై ఏళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్క అసిరమ్మ పెంచింది. తొమ్మిదో ఏట నుంచి ఒక కామందు దగ్గర కంబారిగా, అంటే పాలేరుగా ఉండి, అరకలు కట్టి, ఎడ్లను మేపి, వరి కోసి పెరిగాడు. సంతలోకి బ్యాండుమేళంతో వచ్చిన రిక్రూటింగు ఆఫీసరు మూడు పూటలా తిండి అన్నాడట. అతను చెప్పిన దేశభక్తి మాటల్లో దాలయ్యకు అర్థమైంది అదొక్కటే, నమ్మింది కూడా అదొక్కటే. మనిషి ఏపుగా, వెడల్పుగా ఉండేవాడు. ఏ పొద వెనక దాక్కున్నా రెండు వైపులా కనబడేవాడు. అందుచేత ఏ యుద్ధంలోనైనా మొదటి అరగంటలోనే చచ్చిపోయేవాడు. అతనికి అందులో బాధేమీ లేదు. తెల్లవారుజామున కవాతుకు లేపిన ఒళ్ళు, చచ్చిపోగానే హాయిగా నిద్రపోయేది. నాలుగు యుద్ధాల్లో నాలుగుసార్లు చచ్చి, ఒక్కసారీ కదలలేదు. నమూనా మృతుడని అంపైరు అతన్ని కొత్తవాళ్ళకు చూపించేవాడు.

ఐదో యుద్ధం ఆశ్వయుజంలో జరిగింది. రాళ్ళగెడ్డ మీద చిన్న చెక్కవంతెన ఉంది. దాన్ని నీలిదళం కాపాడాలి, ఎర్రదళం పేల్చాలి. పేల్చడమంటే వంతెన కింద ఒక పలక పెట్టి రావడమే. దాని మీద "పేలినది" అని రాసి ఉంటుంది. దాలయ్య ఎర్రదళం. తొమ్మిదీ నలభైకి గెడ్డలోని ఇసుకలో శత్రువుల మరతుపాకీ దెబ్బకు చచ్చినట్టు నమోదయ్యాడు. అతని పక్కనే గురువులు అనే నీలిదళం కుర్రాడు, ఇంకాస్త దిగువన మరో ఇద్దరు చచ్చారు. నలుగురూ పేలికలు కట్టించుకుని ఎండలో పడుకున్నారు.

యుద్ధం పన్నెండింటికి అయిపోవాలి. పన్నెండింటికి ఎర్ర కెప్టెను తాను పలక పెట్టాను కనుక వంతెన పేలిపోయిందన్నాడు. నీలి కెప్టెను ఆ పలకను తలకిందులుగా పెట్టారు కనుక పేలలేదన్నాడు. ఇద్దరూ తీర్పుకోసం మేజరు డేరాకు వెళ్ళారు. మేజరు భోజనంలో ఉన్నాడు. భోజనమయ్యాక పలకను తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు గెలిచారో తేలనిదే యుద్ధం ముగిసినట్టు కాదు. ముగియనిదే బాకా ఊదరు. ఊదనిదే చచ్చినవాళ్ళు లేవరు.

ఒంటిగంట దాటాక దాలయ్య తల ఎత్తాడు. మా దగ్గర ఒక్క చినుకు లేదు. పైకొండల మీద మాత్రం నల్లగా ఉంది. గెడ్డ నీళ్ళు మడమల దాకానే ఉన్నాయి గానీ రంగు మారాయి, వాటిలో ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. పొలాల్లో పెరిగినవాడికి అది చాలు. గట్టు మీద పుస్తకం పట్టుకుని అంపైరుగా నిలబడ్డ సుబేదారును పిలిచాడు.

"బాబూ, పైన వాన దిగిపోనాది. గెడ్డొచ్చేస్తాది. ఈలందర్నీ లెగమని సెప్పండి."

సుబేదారు గడియారం చూసుకుని పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం తరవాత నా చేతికే వచ్చింది. "ఒంటిగంట పన్నెండు నిమిషములకు మృతుడు మాటలాడెను. మందలించడమైనది."

దాలయ్య రెండోసారి చెప్పలేదు. లేచాడు. నాలుగు యుద్ధాల్లో వేలు కదపని మనిషి, నిద్రపోతున్న గురువుల్ని రెక్క పట్టుకుని లేపి గట్టు మీదికి తోశాడు. దిగువకు పరుగెత్తి రెండోవాణ్ణి లేపాడు. అప్పటికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయి. మూడోవాడు క్రమశిక్షణ గలవాడు. బాకా ఊదలేదని ఇసుక మెరక మీద కళ్ళు మూసుకుని బిగదీసుకుని పడుకున్నాడు. అతన్ని భుజాన వేసుకుని గట్టుకు చేర్చి, ఒడ్డున ఉన్నవాళ్ళకు అందించేవేళకు పైనుంచి చెట్టు మొద్దొకటి వచ్చి దాలయ్యకు తగిలింది. అర మైలు కింద, వంపు దగ్గర దొరికాడు.

రెండింటికి బాకా ఊదారు. ఎవరూ గెలవలేదని తేల్చారు. వంతెన అప్పటికే కొట్టుకుపోయింది.

ఆ మర్నాడే మిగతా కుర్రాళ్ళు అతన్ని గెడ్డ ఒడ్డున దహనం చేశారు. స్టోరు వాళ్ళను కట్టెలివ్వమంటే మరణపత్రం చూపించమన్నారు. పత్రం ఇంకా రాయలేదు కనుక, కుర్రాళ్ళు తలా ఒక కట్టె తమ వంతు వేన్నీళ్ళ కట్టెల్లోంచి తెచ్చారు. నేనూ ఒకటి తెచ్చాను. ఎముకలు ముంతలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, అక్కడే పూడ్చి, మీద రాళ్ళు పేర్చారు.

తిరిగొచ్చి నేను మరణపత్రం టైపు మిషనుకు ఎక్కించాను. చనిపోయిన వేళ అని ఒక గడి ఉంది. ఒంటిగంట ఇరవై అని కొట్టాను. సంతకానికి తీసుకువెళితే మేజరు దొర అంపైరు పుస్తకం పక్కన పెట్టుకుని ఉన్నాడు. అందులో ఈ మనిషి తొమ్మిదీ నలభైకే మరణించాడు గదా అన్నాడు. అది ఉత్తుత్తి మరణమని మనవి చేశాను. దొర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సైన్యంలో ఉత్తుత్తివంటూ ఏవీ లేవన్నాడు.

ఆయన ఇంగ్లీషులో సెలవిచ్చిన తర్కం తెలుగులో ఇది: ఒంటిగంట ఇరవైకి అతడు మృతుడైతే, మృతుడు మరల మరణించుట అసాధ్యము. సజీవుడైతే, అతడు సజీవుడగుటకు అనుమతి నొసంగినవారెవ్వరు? ఎవ్వరునూ ఒసంగలేదు. కావున అనుమతి లేని ప్రాణముతో జరిపిన కార్యములను, ఆ ప్రాణము పోవుటను సైతము, ఈ కార్యాలయము గుర్తింపజాలదు. రెండు గంటలకు బాకా ఊదబడినది. పద్నాలుగవ నిబంధన ప్రకారము బాకాతో మృతులందరును సజీవులగుదురు. దాలయ్యయు సజీవుడే.

"మరి సాయంత్రం హాజరుకు రాలేదు గదండీ," అన్నాను.

"గైరుహాజరు వెయ్యి," అన్నాడు దొర.

వేశాను. ఇరవయ్యొక్క రోజులు వేశాను. ఇరవై రెండో రోజున నిబంధన ప్రకారం దాలయ్య పరారీ అయిన సిపాయి అయ్యాడు. పట్టి తెమ్మని అతని ఊరి పోలీసు ఠాణాకు వారంటు పోయింది. అదీ నేనే టైపు చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు. అప్పట్లో అది నాకు గర్వంగా ఉండేది.

వారంటు తీసుకుని కూర్మయ్య అనే కానిస్టేబులు అసిరమ్మ ఇంటికి మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి గడ్డివాము పొడిచి చూశాడు. రెండోసారి గాదెలో దిగాడు. మూడోసారి కూడా వెతికి వెళ్ళిపోయాక, దాలయ్య గట్టెక్కించిన గురువులు అక్కడికి వచ్చాడు. సెలవు మీద ఇంటికొచ్చి, ముందుగా దాలయ్య అక్కను వెతుక్కుంటూ వెళ్ళి, జరిగిందంతా చెప్పి ఏడ్చాడు. తమ్ముడి సంగతి అసిరమ్మకు తెలిసింది అప్పుడే.  మర్నాడు ఆమె చీర కొంగు దోపుకుని ఠాణాకు వెళ్ళి, దాలయ్య ఎక్కడున్నాడో తనకు తెలుసనీ, వస్తే చూపిస్తాననీ చెప్పింది. ఆమె నోటనే ఒప్పుకోలు వచ్చినందుకు కూర్మయ్య సంతోషించి ప్రయాణం కట్టాడు.

ఇద్దరూ మా కేంద్రానికి కలిసి వచ్చారు. ఆమె నలభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉంది. మేజరు గదిలో నేను మధ్య నిలబడి ఆమె మాటలు ఆయనకూ, ఆయన మాటలు ఆమెకూ అందించాను. తమ్ముడి ముంత ఇప్పించమనీ, ఊరికి తీసుకెళ్ళి మా వంశధార నదిలో కలుపుకుంటాననీ ఆమె అడిగింది. హాజరుపట్టీలో సజీవుడుగా ఉన్న సిపాయిని కేంద్రం దాటించాలంటే సెలవుచీటీ కావాలనీ, దానికి సిపాయి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలనీ దొర చెప్పాడు.

ఆమె దొర బల్ల దగ్గరికి జరిగింది.

"మా తమ్ముడు పోనాడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ముక్క కాయితం మీద రాయడానికి ఏటి బాబూ అడ్డం?"

ఇది నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. ఆ మాట రాయడానికి తగిన గడి ఏ కాగితంలోనూ లేదని దొర నిజాయితీగానే విచారించాడు. ఆయన చెడ్డవాడు కాడు. గడి ఉంటే రాసేవాడే.

అసిరమ్మ ఇక ఆయన వైపు చూడలేదు. కూర్మయ్య వైపు తిరిగింది.

"కానిస్టీబు బాబూ, నువ్వు దేనికొచ్చినావు? ఆడిని పట్టుకోడానికే గదా. రా, సూపిస్తాను."

గెడ్డ ఒడ్డుకు నేనూ వెళ్ళాను. రాళ్ళకుప్ప చూసి కూర్మయ్య ముఖం వాడిపోయింది. ఆమె రాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది, చేతులతో మట్టి తవ్వింది, ముంత కనబడగానే ఒక్క క్షణం దాని మీద చెయ్యి వేసి ఉంచింది. తరవాత లేచి పక్కకు జరిగి, నీ పని కానియ్యి అంది. కూర్మయ్య ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి. వారంటులో పేరుంది, ఎదురుగా మనిషి ఉన్నాడు. పట్టుకోకపోతే ఎందుకు పట్టుకోలేదో రాతపూర్వకంగా చెప్పాలి. టోపీ సర్దుకుని వారంటు మొత్తం పైకి చదివాడు. జవాబు కోసం రివాజు ప్రకారం ఆగాడు. ఆగి, తన పుస్తకంలో రాసుకున్నాడు. "ముద్దాయి కనబడెను. నేరము గూర్చి ఏమియు చెప్పలేదు. ఎదురు తిరగలేదు. వెంట తీసుకొని వచ్చితిని."

పరారీ సిపాయి పట్టుబడితే కాపలాగదిలో పెట్టాలి. పెట్టారు. అక్కడి హవల్దారు ముంతకు ఖైదీ నంబరిచ్చి, రసీదు కూర్మయ్యకిచ్చి, బయట తాళం వేశాడు. ఖైదీకి రెండు పూటలా భోజనం పెట్టాలి. పెట్టారు. ఖైదీ అరగంటలో తినకపోతే పళ్ళెం బయటికి తీసుకురావాలి. తెచ్చి, గుమ్మం దగ్గర కూర్చున్న అసిరమ్మ ముందు పెట్టేవాడు హవల్దారు. మొదటి పూట ఆమె ముట్టుకోలేదు. రెండో పూట, తమ్ముడి పేర వచ్చిన తిండి గదా అని తింది. తింటూ, ఇది మా దాలిగాడికి ఒక మూలకి సాలదు అంది. హవల్దారు ఆ మాట నన్నడిగి తెలుసుకుని, మూడో పూట నుంచి పళ్ళెం నిండా వడ్డించాడు.

నాలుగో రోజున సైనిక విచారణ పెట్టారు. బల్ల వేసి, గుడ్డ పరిచి, ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. ముద్దాయిని ప్రవేశపెట్టండి అంటే ఇద్దరు సిపాయిలు ముంతను మధ్య పెట్టుకుని కవాతుగా వచ్చి బల్ల ముందు దించారు. టోపీ లేని తలతో విచారణకు రావచ్చా అని ఒకాయన సందేహపడ్డాడు. ముంతకు గుడ్డ కట్టి ఉంది కనుక ఫరవాలేదని మరొకాయన సమాధానపడ్డాడు. ఇక మొదలుపెట్టబోతుండగా నేను ముందుకు వచ్చి, నిబంధన ప్రకారం ముద్దాయి విచారణకు తగిన ఆరోగ్యంతో ఉన్నాడని డాక్టరు రాసివ్వాలని మనవి చేశాను. ఆ గడి ఒకటి ఖాళీగా ఉందని ముందు రోజు సాయంత్రమే చూశాను. చూసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

డాక్టరుకు కబురు వెళ్ళింది. ఆయన పెద్దవయసు మనిషి, నెమ్మదస్తుడు. వచ్చి, బల్ల మీది కాగితం చదివాడు. ముంత ముందు గొంతు కూర్చుని గుడ్డ విప్పి చూశాడు.  తరవాత గుడ్డ జాగ్రత్తగా ముడివేసి, అసిరమ్మను పిలిచి నా ద్వారా ఆమె తమ్ముడి వయసు అడిగాడు. ఏ పని చేసేవాడో అడిగాడు. ఎలా పోయాడో అడిగాడు. ఆమె చెప్పిందంతా విని, కలం తీసి రాశాడు.

"విచారణకు తగడు. కారణము: ఇతడు ఆశ్వయుజమాసపు వరదలో మునిగి మరణించి యున్నాడు."

మేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.  దొర ముఖం విప్పారింది. చావును రాయడానికి గడి లేదు గానీ, అనారోగ్యానికి కారణం రాయడానికి గడి ఉంది. అది సరైన గడే. అందులో డాక్టరు ఏం రాసినా చెల్లుతుంది. అనారోగ్యవంతుణ్ణి విచారించరాదు. విచారించలేనివాణ్ణి సైన్యంలో ఉంచుకోరాదు. కనుక యాళ్ల దాలయ్యను ఆరోగ్యకారణాల వల్ల ఆ క్షణం నుంచి సర్వీసు నుంచి విడుదల చేశారు. త్వరలో కోలుకోవాలని ఆశిస్తున్నట్టు ఒక వాక్యం అచ్చులోనే ఉంది. దాన్ని కొట్టివేసే అధికారం నాకు లేదు.

విడుదలపత్రంలో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. అందరికీ "తృప్తికరము" అని కొడతాం. నేను ఆ రోజు, "వరదలో ముగ్గురిని కాపాడెను" అని కొట్టాను. దొర అక్కడ కలం ఆపి నా వైపు చూశాడు. ప్రవర్తన గడిలో ప్రవర్తన రాశానండీ అన్నాను. అది నిజమే గనుక సంతకం పెట్టాడు.

ఆ వెంటనే మరో చిక్కు ఆయనకే తట్టింది. విడుదలైనవాడు సిపాయి కాడు. సిపాయి కానివాడు ఇరవైనాలుగు గంటలకు మించి కేంద్రంలో ఉండరాదు. దొర గొంతు పెంచి అసిరమ్మకు ఉత్తర్వు ఇచ్చాడు. నేను తెలుగు చేశాను. "మీ సంబంధీకుడైన దాలయ్య అను పౌరుడు సైనికభూమిలో అనధికారముగా నివసించుచున్నాడు. అతనిని తక్షణము ఇక్కడినుండి తీసుకొనిపోవలెను. తప్పినచో చర్య తీసుకొనబడును."

అసిరమ్మ వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించమంది. వేసింది. అప్పుడు మొదటిసారిగా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికి వచ్చాక డాక్టరు కాగితం నాచేత చదివించుకుంది. మరణించి యున్నాడు అన్న చోట ఆపమని, ఆ మాట ఏ అక్షరాల్లో ఉందో వేలుపెట్టి చూపించమంది. ఇక ఠాణావాళ్ళెవరూ ఆడిని దొంగా అనరు గదా అని అడిగింది. అనరన్నాను. వారంటూ, పరారీ కాగితమూ టైపు చేసింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆమె విడుదలపత్రం చూపించి, ఇది కొట్టింది కూడా నువ్వే గదా బాబూ అంది.

మర్నాడు మధ్యాహ్నం బండికి వాళ్ళను ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. ఆరోగ్యం బాగులేక విడుదలైన సిపాయికి ఊరిదాకా మూడో తరగతి టిక్కెట్టు సైన్యమే ఇస్తుంది. ఇచ్చింది. పెట్టె కిక్కిరిసి ఉంది. కూర్మయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అసిరమ్మ ముంతను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు బల్ల చివర ఒదిగి కూర్చుంది. బండి ఇంకా కదలకముందే టిక్కెట్టు కలెక్టరు వచ్చాడు. ఆమె రెండు టిక్కెట్లు చాపింది. రెండో మనిషి ఎక్కడని ఆయన అడిగాడు.

"ఈడే. మా తమ్ముడు."

కలెక్టరు ముంత చూశాడు. గుమ్మంలో ఉన్న పోలీసు వైపు అనుమానంగా చూశాడు. కూర్మయ్య గొంతు సవరించుకుని, అవునండి, ఆయన ఈ బండిలో ఊరెళ్తున్నారు అన్నాడు.

 కలెక్టరు రెండు టిక్కెట్లకూ చిల్లు పెట్టి ఇచ్చాడు. తరవాత ఆ బల్ల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్న పెద్దమనిషి భుజం తట్టి, కాస్త జరగండి, టిక్కెట్టున్న మనిషికి చోటు లేదు అన్నాడు. ఆయన జరిగాడు. అసిరమ్మ తనూ జరిగి, ముంతను ఒళ్ళోంచి తీసి, కిటికీ పక్కన, తన పక్కన కూర్చోబెట్టింది.